పగలు అందరి పిల్లలు, మరి రాత్రి?

కిబ్బుట్జ్ అంటే ఇజ్రాయెల్‌లో పనినీ ఆస్తినీ అందరూ పంచుకుని బతికే ఉమ్మడి ఊరు. అక్కడ సాయంత్రం నాలుగు దాటాక పనులు ఆగేవి. పొలం నుంచి, పశువుల కొట్టం నుంచి, వంటశాల నుంచి వచ్చిన పెద్దవాళ్లు స్నానాలు చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, ఊరి పిల్లలంతా కలిసి పెరిగే పిల్లల ఇంటికి వెళ్లేవాళ్లు. అక్కణ్ణుంచి రెండు మూడు గంటలు పిల్లలు అమ్మానాన్నలతోనే. వంట ఉమ్మడి భోజనశాలలో, బట్టలు ఉతకడం ఉమ్మడి లాండ్రీలో జరిగిపోయేవి కాబట్టి ఆ కాసేపూ తల్లిదండ్రులకు ఇంకో ధ్యాస ఉండేది కాదు. ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్న అమ్మానాన్నల్లో ఎంతమందికి అంత తీరిక ఉంది? చీకటి పడ్డాక పిల్లల్ని మళ్లీ పిల్లల ఇంటికి తీసుకెళ్లి, మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ముద్దు పెట్టి, లైటు తీసేసి వెళ్లిపోయేవాళ్లు. పసికందుగా ఉన్నప్పటి నుంచి హైస్కూలు చదువు అయ్యేదాకా చాలా కిబ్బుట్జ్‌లలో ఇదే పద్ధతి.

అలా పెరిగినవాళ్లలో చివరి తరానికి ఇప్పుడు ముప్ఫై దాటాయి. పెద్దవాళ్లలో కొందరు తొంభైల్లో ఉన్నారు. తమ బాల్యం గురించి వాళ్లు గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టి చాలాకాలమే అయింది. విన్నవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టుకు అదొక గొప్ప ప్రయోగం, డబ్బూ ఆస్తీ లేని స్వర్గం. ఇంకో జట్టుకు అది తల్లి ఒళ్లోంచి బిడ్డను లాగేసుకున్న పాపం. ఈ రెండు తీర్పులూ నాకు మింగుడుపడవు. రెండు జట్లూ పగటినీ రాత్రినీ ఒకే గాటన కట్టేస్తున్నాయని నా వాదన. కిబ్బుట్జ్ పిల్లలకు పగలు దొరికింది చాలా మంచిది. రాత్రి జరిగింది మంచిది కాదు. వాళ్లు పెద్దయ్యాక మోస్తున్న బరువులో ఎక్కువ భాగం ఆ రాత్రులదే.

ఇందులో నేను తటస్థంగా ఉండలేను. చిన్నప్పుడు ఆరో తరగతికే ట్రంకు పెట్టెతో గురుకులంలో చేరినదాన్ని. పైగా కిబ్బుట్జ్‌లో పుట్టి పెరిగిన ఒకావిడతో కొన్నేళ్లు ఒకే టీములో పనిచేశాను.

2023 అక్టోబరులో హమాస్ దాడి వార్తలతో మనవాళ్లలో చాలామంది కిబ్బుట్జ్ అనే మాట మొదటిసారి విన్నారు. ఆ ఊళ్లు వెలసిన నేల ఎవరిది అన్న ప్రశ్న పెద్దది, న్యాయమైనది. దాన్ని పక్కకు తోసేయడం నా ఉద్దేశం కాదు, కానీ ఇక్కడ రాస్తున్నది ఆ ఊళ్లలో పెరిగిన పిల్లల గురించి.

మొదటి కిబ్బుట్జ్ దెగానియా. 1910లో గలిలీ సరస్సు దక్షిణపు ఒడ్డున పదిమంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి మొదలుపెట్టారు. జీతాల్లేవు, సొంత ఆస్తి లేదు, అందరూ పని చెయ్యాలి, ఉన్నది అందరూ పంచుకోవాలి. 1913లో అక్కడ మొదటి బిడ్డ పుట్టాడు. తల్లి మిర్యం బరాట్జ్ పాడి పని వదులుకోవడానికి ఇష్టపడలేదు. ఇప్పుడు బిడ్డను ఎవరు చూసుకోవాలి? తల్లి ఇంట్లో కూర్చుంటే ఆడా మగా సమానమన్న మాటకు అర్థం ఏముంది? ఒక పసివాడి రాకతో ఊరు ఊరంతా తేల్చుకోవలసిన ప్రశ్నలు వచ్చి పడ్డాయి.

1920లలో జెజ్రీల్ లోయలో ఐన్ హరోద్, బేత్ అల్ఫా లాంటి పెద్ద కిబ్బుట్జ్‌లు వచ్చేసరికి పిల్లల ఇల్లు ఒక వ్యవస్థగా తయారైంది. అప్పట్లో అదొక్కటే దారి అనిపించడంలో వింత లేదు. చుట్టూ చిత్తడి నేల, మలేరియా. పెద్దవాళ్లు గుడారాల్లో పడుకునేవాళ్లు. ఊళ్లో మొదటి గట్టి కట్టడం చాలాచోట్ల పిల్లలదే. పాలు, గుడ్లు ముందు వాళ్లకే. ఒక చదువుకున్న మనిషి పదిమంది పిల్లలను శుభ్రంగా చూసుకుంటే మిగతా తల్లులు పొలానికి వెళ్లొచ్చు. దీనికి సిద్ధాంతం కూడా తోడైంది. పాత కుటుంబంలో తండ్రి పెత్తనం, తల్లి చాకిరీ, ఆస్తి మీద యావ ఉంటాయి కాబట్టి కొత్త మనిషిని తయారుచెయ్యాలంటే ఆ కుటుంబాన్నే విప్పాలన్నారు. హషోమేర్ హత్సయీర్ అనే యూదు సోషలిస్టు యువజన ఉద్యమంవాళ్లు మనసు లోతుల గురించి రాసిన ఫ్రాయిడ్‌ను చదువుకుని, పిల్లలు తల్లిదండ్రుల పడకగదికి దూరంగా పెరిగితే మనసులో చిక్కులు తక్కువగా ఉంటాయని నమ్మారు.

ఈ చరిత్ర చదువుతుంటే నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. ఆ ఊళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు లేరు. వచ్చినవాళ్లంతా పోలండ్ నుంచో రష్యా నుంచో ఇల్లు వదిలేసి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రకారు. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లే వీల్లేదు. బాలింతకు పథ్యం పెట్టేవాళ్లు లేరు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో చూసి చెప్పే ముసలి చెయ్యి ఒక్కటీ లేదు. పిల్లల పెంపకం ఎరగని పిల్లలు పిల్లల్ని కన్నారు. అందుకే పుస్తకం చెప్పింది వాళ్లకు వేదం అయింది. వాళ్లను రాతిగుండెల మనుషులంటే నేను ఒప్పుకోను. ఆ తల్లులు బిడ్డను పడుకోబెట్టి వచ్చి గదుల్లో ఏడ్చారని వాళ్ల కూతుళ్లే తర్వాత చెప్పారు.

పగటి సంగతి చూస్తే, ఒక్కో గుంపులో కొద్దిమంది పిల్లలు, వాళ్లకు ఒక సంరక్షకురాలు ఉండేవాళ్లు. ఆవిడను మెతపెలెత్ అనేవాళ్లు. చెప్పుల్లేని కాళ్లతో చెట్లెక్కడం, తామే మేకలనూ కోళ్లనూ పెంచే చిన్న ఫారం, పరీక్షలూ మార్కులూ లేని బడి. ఒకే గుంపులో పెరిగిన పిల్లలు తోబుట్టువుల్లా అయిపోయేవాళ్లు. సామాజిక శాస్త్రవేత్త జోసెఫ్ షెఫర్ 1971లో కిబ్బుట్జ్‌లలో పెరిగినవాళ్ల 2,769 పెళ్లిళ్లను పరిశీలించాడు. మొదటి ఆరేళ్లూ విడిపోకుండా ఒకే గుంపులో పెరిగినవాళ్లు పెళ్లాడిన ఉదాహరణ ఆయనకు దొరకలేదు. ఎవరూ వద్దనలేదు. అన్నాచెల్లెళ్లం అన్న భావం దానంతట అదే ఏర్పడిపోయింది. ఈ పిల్లలకు ప్రేమ దొరకలేదని చెప్పేవాళ్లకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

రాత్రి మాత్రం వేరే సంగతి. సంరక్షకురాలు తన ఇంటికి వెళ్లిపోయేది. పిల్లల ఇళ్లన్నిటికీ కలిపి ఒకరో ఇద్దరో కాపలా ఆడవాళ్లు ఉండేవాళ్లు. ఊళ్లోని ఆడవాళ్లు వంతులవారీగా ఆ పని చేసేవాళ్లు. టార్చిలైటు పట్టుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగేవాళ్లు. తర్వాత్తర్వాత గదుల్లో మైకులు పెట్టారు, ఏడుపు కాపలా గదిలో వినబడేది. రెండేళ్ల పిల్ల అర్ధరాత్రి పీడకల వచ్చి లేచిందనుకోండి. కాపలా మనిషి అప్పుడు ఎక్కడో దూరపు ఇంట్లో ఉండొచ్చు. వచ్చేసరికి పది నిమిషాలు పట్టొచ్చు. వచ్చినావిడ ఎవరో ఆ పిల్లకు అంతగా తెలియకపోవచ్చు. వచ్చే వారం ఇంకొకావిడ. కాస్త పెద్ద పిల్లలు మంచం దిగి, చీకట్లో, నక్కల కూతల మధ్య అమ్మానాన్నల గదికి పరిగెత్తేవాళ్లు. అక్కడ తలుపు తీసేవాళ్లు, ఒళ్లోకి తీసుకునేవాళ్లు, కాసేపయ్యాక చెయ్యి పట్టుకుని మళ్లీ వెనక్కి తీసుకొచ్చి పడుకోబెట్టేవాళ్లు.

కాపలా వంతు వచ్చిన తల్లి పరిస్థితి ఇంకా ఘోరం. తన బిడ్డ ఒక ఇంట్లో, ఏడుస్తున్న బిడ్డ ఇంకో ఇంట్లో.

పగలుకీ రాత్రికీ తేడా ఉందన్నది నా ఊహ ఒక్కటే కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం సాగి, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. వాళ్లు తీసుకున్న పసివాళ్లంతా కిబ్బుట్జ్ పిల్లలే. పగలంతా అందరూ ఒకే రకం పిల్లల ఇళ్లలో, ఒకే రకం సంరక్షణలో ఉండేవాళ్లు. తేడా ఒక్కటే. కొందరు రాత్రి అమ్మానాన్నల దగ్గర పడుకునేవాళ్లు, కొందరు పిల్లల ఇంట్లోనే. కొత్త గదిలో తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఆమెను ఎలా చేరుకుంటుంది, ఎంత త్వరగా ఊరట పడుతుంది అని చూశారు. రాత్రి ఇంట్లో పడుకునే పిల్లల్లో 80 శాతం మందికి తల్లి మీద భరోసా గట్టిగా కనబడింది. పిల్లల ఇంట్లో పడుకునేవాళ్లలో అది 48 శాతమే. చూసింది యాభై మందికి లోపు పిల్లల్నే కాబట్టి దీన్ని శిలాశాసనం అనుకోనక్కర్లేదు. కానీ తల్లి పగలు పనికి వెళ్లడం వల్ల, బిడ్డ ఇంకొకరి చేతుల్లో పెరగడం వల్ల నష్టం జరిగిందనేవాళ్లు ఈ లెక్క ముందు ఒక్క క్షణం ఆగాలి. ఉద్యోగానికి వెళ్లే ప్రతి తల్లినీ దోషిలా నిలబెట్టే మన బంధువులు కూడా.

నా సహోద్యోగి ఉత్తర ఇజ్రాయెల్‌లోని ఒక కిబ్బుట్జ్‌లో పెరిగింది. ఆఫీసు పని మీద అక్కడికి వెళ్లినప్పుడు తన ఊరు చూపించింది. ఒకప్పటి పిల్లల ఇల్లు ఇప్పుడు ఎవరికో అద్దెకిచ్చిన ఆఫీసు. నడవాలో గోడకు పిల్లల ఎత్తులో కొక్కేల వరస ఇంకా ఉంది. చదవడం రాని పిల్లలకు తమ తువ్వాలు గుర్తుండేలా ఒక్కో కొక్కెం పైన ఒక్కో బొమ్మ ఉండేదట. పడవ, తాబేలు, గొడుగు. తనది గొడుగు. మీద రంగు పూశారు, అయినా ఆవిడ వేలు నేరుగా అదే కొక్కెం మీదికి వెళ్లింది. తర్వాత తన లాండ్రీ నంబరు చెప్పింది. బట్టలన్నీ ఒకేచోట ఉతుకుతారు కాబట్టి ప్రతి బట్ట లోపల నంబరు కుట్టేవాళ్లు. మా గురుకులంలో కూడా కంచం మీద, గ్లాసు మీద, లంగా అంచు లోపల నంబరు ఉండేదని నేను చెప్పాను. ఇద్దరం మా నంబర్లు చెప్పుకుని నవ్వుకున్నాం.

ఆవిడ తన చిన్నతనాన్ని ఎంతో ఇష్టంగా చెబుతుంది. ద్రాక్ష కోతలు, ట్రాక్టరు వెనక ట్రాలీలో ఊరేగడం, ఒకే గదిలో నలుగురు పిల్లలు గుసగుసలాడుతూ నిద్రపోవడం. అదే గొంతుతో, అదే పూట, జ్వరం వచ్చిన రాత్రి మైకు ముందు నిలబడి ఎంతసేపు పిలిచిందో కూడా చెప్పింది. ఆ తర్వాత పిలవడం మానేసిందట. "బాగా అలవాటు పడింది" అని పెద్దవాళ్లు మెచ్చుకున్నారట.

అలవాటు పడింది అన్న ఈ మెప్పు దగ్గరే నాకు కడుపు రగులుతుంది. ఏడుపు ఆగితే పిల్ల సర్దుకుపోయినట్టే అని లెక్క. పిలిచినా లాభం లేదని తెలుసుకున్న పిల్ల కూడా ఏడుపు ఆపేస్తుంది. బయటికి ఆ ఇద్దరూ ఒకేలా కనబడతారు. పెద్దయ్యాక తేడా తెలుస్తుంది. కిబ్బుట్జ్‌లో పెరిగినవాళ్ల జ్ఞాపకాల్లో పదే పదే వచ్చే మాటలు ఇవే: ఎవరినీ సాయం అడగలేకపోవడం, జబ్బు చేస్తే మొగుడికో పెళ్లానికో కూడా చెప్పకుండా ఓర్చుకోవడం, ఒంటరిగా ఉండటం రాకపోవడం, మనుషుల మధ్య ఉన్నా దగ్గర కాలేకపోవడం. నా సహోద్యోగి అంత సమర్థురాలిని నేను చూడలేదు. ఆపరేషన్ చేయించుకుని వారం తర్వాత ఆఫీసుకు వచ్చి, అప్పుడు చెప్పింది.

దీని మీద ఇంకో పొర కూడా ఉంది. ఫిర్యాదు చెయ్యడానికి వాళ్లకు నోరు రాదు. అమ్మానాన్నలు చిత్తడి నేల ఎండగట్టినవాళ్లు, ఊరు కట్టినవాళ్లు. యూరప్‌లో చుట్టాలందరినీ నాజీలు చంపేస్తే మిగిలినవాళ్లు కొందరు. అలాంటివాళ్ల ముందు "రాత్రి భయమేసింది" అని ఎలా అంటారు? సిగ్గుగా ఉంటుంది. పైగా అదే గుంపులో పెరిగిన స్నేహితుడు "నాకేం కాలేదే" అంటాడు. ఒకే గదిలో, పక్క పక్క మంచాల మీద పడుకున్న ఇద్దరికి రెండు బాల్యాలు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గట్టిగా మాట్లాడితే రెండోవాడి స్వర్గాన్ని చెడగొట్టినట్టవుతుందని మొదటివాడు నోరు మూసుకుంటాడు.

ఆ పద్ధతిని మార్చింది చాలామటుకు తల్లులే. పొలంలో మగవాళ్లతో సమానంగా పనిచేస్తామని మొదలుపెట్టిన ఆడవాళ్లు రెండో తరానికల్లా వంటశాలలో, లాండ్రీలో, పిల్లల ఇళ్లలో తేలారు. పగలంతా ఇతరుల పిల్లలకు తినిపించి, కడిగి, ఆడించి, సొంత బిడ్డను పడుకోబెట్టి వెళ్లిపోవలసి వచ్చింది. కొన్ని కిబ్బుట్జ్‌లలో పొద్దున పని మధ్యలో తల్లులు వచ్చి బిడ్డతో కాసేపు గడపడానికి సమయం ఇచ్చేవాళ్లు. ప్రేమ గంట అనేవాళ్లు దాన్ని. ప్రేమకు గంట పెట్టాల్సి వచ్చిన చోట ఏదో తప్పు జరుగుతోందని ఆ తల్లులకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది. 1960లు, 70లలో ఊరూరా సమావేశాల్లో ఓటింగులు జరిగాయి. అమ్మానాన్నలకు ఉన్నది ఒక చిన్న గది, పిల్లలు ఇంటికి రావాలంటే అందరికీ గదులు కట్టాలి. ఖర్చు అంటూ చాలాచోట్ల ఏళ్ల తరబడి వాయిదా వేశారు. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చి ఇరాక్ స్కడ్ క్షిపణులు పడుతుంటే తల్లిదండ్రులు పిల్లల్ని తమ గదుల్లోకి తెచ్చేసుకున్నారు. అప్పటికి మిగిలిన కొద్ది ఊళ్లలో కూడా ఆ దశాబ్దం ముగిసేలోపు పిల్లలు ఇంట్లో పడుకోవడం మొదలైంది. పగటి పిల్లల ఇళ్లు మాత్రం పోలేదు. ఇప్పటికీ నడుస్తున్నాయి, మంచి పేరుతోనే. నా సహోద్యోగి తన ఇద్దరు పిల్లల్నీ పగలు అక్కడికే పంపింది.

ఇక మన సంగతి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. ఆ చెట్టుకు ఎన్ని కొమ్మలు వేశాయో, ఎన్ని పేద ఇళ్లలో మొదటి డిగ్రీ, మొదటి ఉద్యోగం వాటివల్ల వచ్చాయో నాకు తెలుసు. మా ఇల్లు అందులో ఒకటి. మూసెయ్యమనే మాట నా నోట రాదు. పదేళ్ల పిల్లకూ పసికందుకూ తేడా ఉందనీ తెలుసు. పైన చెప్పిన 48 శాతాన్ని తీసుకొచ్చి గురుకులాల మీద రుద్దడం అన్యాయం.

ఇక్కడ ఒకరు అడగొచ్చు: మన ఉమ్మడి ఇళ్లలో మాత్రం పిల్లలందరూ అమ్మ పక్కనే పడుకున్నారా అని. పడుకోలేదు. ఎండాకాలం మిద్దె మీద వరసగా పక్కలు వేస్తే నానమ్మ పక్కన ఇద్దరు, పిన్ని పక్కన ఒకరు. కానీ రాత్రి ఉలిక్కిపడి చెయ్యి చాపితే ఎవరో ఒక తెలిసిన మనిషి తగిలేది. నేను అడుగుతున్నది అమ్మే ఉండాలని కాదు. రోజూ ఉండే ఒక మనిషి ఉండాలని.

మా డార్మిటరీలో అలా ఎవరూ లేరు. పొడవాటి హాలు, రెండు వరసల మంచాలు, చివర్లో ఒక జీరో బల్బు. రాత్రి డ్యూటీ టీచర్లకు వంతులవారీగా పడేది. ఆవిడ గది వరండా అవతల. చేరిన కొత్తలో ఒక చిన్నపిల్ల పక్క తడిపేది. తెల్లవారుజామున అందరూ లేవకముందే లేచి, దుప్పటి తనే పిండుకుని, తడిదే మళ్లీ పరుచుకునేది. తిడతారని కాదు, మా టీచర్లు మంచివాళ్లే. కానీ ఏ రోజు ఏ టీచరు ఉంటారో, వరండా దాటి వెళ్లి ఎవరి తలుపు కొట్టాలో ఆ పిల్లకు తెలిస్తే కదా. ఆదివారం వాళ్లమ్మ పులిహోర, జంతికలు పట్టుకుని వచ్చేది. "ఏడవట్లేదమ్మా, అలవాటైపోయింది" అని వార్డెన్ మేడమ్ సంతోషంగా చెప్పేది. ఆవిడ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు ఇంటర్‌ కోసం రెసిడెన్షియల్ కాలేజీల్లో చేర్చేది పదిహేనేళ్ల పిల్లల్ని. అయినా ఆ వయసు పిల్లలకు రాత్రులు భయం ఉండదనుకోవడం మన సౌకర్యం కోసమే. ర్యాంకు టెన్షన్ పగలు స్టడీ అవర్లో కనబడదు, అందరూ పుస్తకాల మీద వంగి ఉంటారు. అది లైట్లు ఆర్పాకే వస్తుంది. ఆ సమయంలో అక్కడ ఉండేది కర్ర పట్టుకున్న వాచ్‌మన్, లేదంటే ఫోన్లు లాక్కునే ఇన్‌ఛార్జి.

జూన్‌లో పిల్లల్ని హాస్టల్లో చేర్పించేవాళ్లు మెస్ చూస్తారు, బాత్‌రూములు చూస్తారు, పోయినేడాది రిజల్ట్స్ అడుగుతారు. చూడాల్సినవే. దాంతోపాటు రాత్రి సంగతి కూడా అడగండి. పిల్లలు పడుకునే హాల్లోనే, లేదా దాన్ని ఆనుకునే గదిలో ఎవరు పడుకుంటారు? ఏడాదంతా ఆ మనిషేనా, వారానికొకరా? ఎంతమంది పిల్లలకు ఒక్కరు? జ్వరం వస్తే పిల్ల ఎవరిని లేపాలి, ఆ లేపినందుకు ఎవరైనా విసుక్కుంటారా? ఆ మనిషిని మీరు చూడాలి, మీ పిల్ల ముందు ఆవిడతో మాట్లాడాలి, పేరు తెలియాలి. గురుకులాలు నడిపే ప్రభుత్వాలను కూడా అడుగుతున్నాను: టీచర్ల మీద రాత్రి డ్యూటీలు వంతులుగా రుద్దడం మానేసి, అదే పనిగా ఒక పోస్టు పెట్టండి, దానికి సరైన జీతం ఇవ్వండి, ఆవిడను ఏడాది మధ్యలో బదిలీ చెయ్యకండి. కిబ్బుట్జ్‌లవాళ్లు రాత్రుల గురించి ఒక నిర్ణయానికి రావడానికి రెండు మూడు తరాలు పట్టింది, ఊరంతా కూర్చుని ఓట్లు వేసుకున్నారు. మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలే కాలేదు. స్కూలు కమిటీ మీటింగులో అయినా, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అయినా ఈ ఏడాది ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.